ఊరూ పేరూ లేని రాజు ఫౌజుకు మేం కుట్టిన అంగీలు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను పట్టుకొని వచ్చి నా మంచం మీద చతికిలబడింది. బేగంపేటలో ఉద్యోగం, పద్మారావు నగర్‌లో కాపురం, ఈ రెంటికీ మధ్య మిగిలే కాస్త సమయాన్నీ ఆ ఫోనుకే ధారపోసే పిల్ల నా దగ్గరికి వచ్చిందంటే ఏదో చూపించడానికే అని తెలుసు కాబట్టి, కళ్ళద్దాలు తుడుచుకొని సిద్ధపడ్డాను. ఏదో చలిదేశంలో సముద్రపుటొడ్డున కొండ మీద ఒక రాతికోట. రెక్కల పాములూ మంత్రగత్తెలూ ఉన్న ఇంగ్లీషు సినిమా ఏదో అక్కడే తీశారట. దాన్ని చూడటానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండేళ్ళుగా సెలవులు కూడబెట్టుకుంటున్నారట. రాకుమారుడు ఫలానా మెట్టు మీద నిలబడి కత్తి దూశాడని అక్కడ ఒక పలక కూడా పాతారట, ఆ మెట్టెక్కి ఫోటో దిగడానికి గంటసేపు వరుసలో నిలబడాలట. పుట్టని రాకుమారుడు, దూయని కత్తి, దానికో పలక!

దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు. నేను ఊరుకోలేక, మనకూ ఒక కోట ఉండేదే తల్లీ, నేరేడ్‌మెట్ దాటాక గుట్ట మీద, అక్కడా ఇలాంటి సినిమాయే తీశారు, అందులో రాజుగారి ఫౌజు మొత్తానికి అంగీలు కుట్టింది మన ఇల్లే అన్నాను. “అవునా అమ్మమ్మా, సూపర్” అని, వేలితో ఆ కోటను పక్కకు తోసి ఇంకో కోట తెచ్చుకుంది. ఆ ‘సూపర్’ విన్నప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. చెబితే వినేవాళ్ళు లేనప్పుడు రాసుకోవడమే మేలని ఈ కాగితాలు ముందేసుకున్నాను. నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే చదువుతారు, లేదంటే ఇంట్లో పప్పుల డబ్బాల కింద పరుచుకుంటారు.

మాది దర్జీల ఇల్లు. సికింద్రాబాదు జనరల్ బజార్ వెనక సందులో ముందు గది దుకాణం, వెనక గది కాపురం, మధ్యన ఒక గోనె పరదా. మా నాయన మిషను మీద కుట్టేవాడు, చాచా కత్తిరించేవాడు. చాచా అంటే మాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఆయనది భువనగిరి వైపు ఒక ఊరు, వాళ్ళ ఇంట్లోనూ తెలుగే ఎక్కువ మాట్లాడేవారు. మా నాయనా ఆయనా చిన్నప్పుడు ఒకే ఉస్తాదు దగ్గర సూది పట్టుకున్నారు, ఆ ఉస్తాదు చేతి మొట్టికాయలు ఇద్దరూ సమానంగా పంచుకున్నారు, ఆ బంధం ముందు అన్నదమ్ముల బంధం ఏపాటిది. మనిషి గడప దాటి లోపలికి వచ్చేలోపే చాచా కళ్ళతో ఛాతీ కొలత తీసేవాడు. టేపు పెట్టడం మర్యాద కోసమే. పరదా వెనక కూర్చొని కాజాలు తీయడం, గుండీలు కుట్టడం నా పని. నేను చెప్పబోయేది జరిగేనాటికి నాకు పదహారు నిండాయి, సంబంధాలు చూస్తున్నారు కాబట్టి నేను ముందు గదిలోకి రాకూడదు.

మా దుకాణానికి ఎక్కువ పని నిజాం సర్కారు ఫౌజు నుంచే వచ్చేది. మెడ చుట్టూ నిలబడే కాలరు, ఎదురురొమ్మున ఆరు ఇత్తడి గుండీలు, గుండీ మీద సర్కారు ముద్ర, చుట్టూ ఉర్దూ అక్షరాలు. అలాంటి అంగీలు మా ఇంట్లో ఎన్ని తయారయ్యాయో చెప్పలేను. తరువాత పోలీసు చర్య వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. ఫౌజు పోయింది, మా దుకాణంలో కత్తిరించి పెట్టిన చేతులూ కాలర్లూ మాత్రం మిగిలాయి. వాటి కోసం కూడా కొత్త సర్కారు మనుషులు వచ్చారు. ఎవరికి కుట్టారు, ఎందుకు కుట్టారు అని అడిగి, బట్టంతా మూట కట్టించి తీసుకుపోయారు. మా నాయనను రెండు మాటలడిగితే చాచాను ఇరవై అడిగారు. ఎందుకలా అని నన్నెవరూ అడగనక్కర్లేదు, ఆ రోజులు చూసినవాళ్ళకు తెలుసు.

ఆ రోజే మా నాయన గుండీల డబ్బా మా అమ్మ చేతికిచ్చి, హుస్సేన్ సాగర్‌లో పారేసి రమ్మన్నాడు. పెద్ద బిస్కట్ల డబ్బా అది, నిండా ముద్ర గుండీలు. మా అమ్మ సంగతి మీకు తెలియదు. వంకర తిరిగిన మేకును సాపు చేసి దాచుకునే మనిషి, అంత ఇత్తడిని నీళ్ళపాలు చేస్తుందా? గుడ్డలో మూటకట్టి మినుముల కుండ అడుగున పెట్టి, పారేసి వచ్చానని చెప్పింది. ఈ కథలో మొదటి అబద్ధం అది. రెండోది నాది, దానికి వస్తాను.

ఫౌజు పోయాక చాచాకు పని లేకుండా పోయింది. జనం బుష్‌షర్టులు అడగసాగారు. పొట్ట మీద వేలాడే ఆ వదులు చొక్కాలు కత్తిరించడమంటే చాచాకు చిరాకు. రోజూ వచ్చే మనిషి రెండు రోజులకోసారి వచ్చాడు, తరువాత వారానికోసారి, ఆ తరువాత రావడమే మానేశాడు. కరాచీ వెళ్ళిన ఆయన తమ్ముడు ఇక్కడేముంది రమ్మని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. చాచా భార్య, మా చాచీ, అప్పుడే తీసుకుపోయే సామాన్లు విడిగా సర్దడం షురూ చేసిందని మా అమ్మ కనిపెట్టుకొచ్చింది. చాచా మాత్రం మా నాయనతో ఒకటే మాట అన్నాడట, కత్తెరకు పని ఉన్నన్నాళ్ళు సందు దాటి పోనని. అంటే పని లేకపోతే పోతాడనే కదా! ఆ మాట విన్నప్పటి నుంచి మా నాయనకు అన్నం సయించలేదు. చాచా లేని దుకాణం ఆయన ఊహకే అందేది కాదు.

అలాంటప్పుడు, పోలీసు చర్య జరిగి రెండు వానాకాలాలు గడిచాక, మద్రాసు నుంచి సినిమావాళ్ళు దిగబడ్డారు. వాళ్ళు తీసేది రాజులూ మాంత్రికులూ ఉన్న జానపదం. దానికొక కోట కావాలి. గోల్కొండ ఉంది కదా అని ఎవరైనా అంటారు. మేమూ అదే అన్నాం. వాళ్ళ మేనేజరు తల అడ్డంగా ఊపి, గోల్కొండను చూస్తే జనం గోల్కొండ అని గుర్తుపడతారండీ, మాకు ఎక్కడా లేని కోట కావాలండీ అన్నాడు. ఎక్కడా లేని కోటను ఎక్కడని వెతుకుతారు? చివరకు నేరేడ్‌మెట్ అవతల, తంగేడు పొదల నడుమ, ఒక బురుజూ కూలిపోగా మిగిలిన గోడా ఒక దర్వాజా ఉన్న మా గుట్ట వాళ్ళ కంటపడింది. దానికి ఊళ్ళో పేరు కూడా లేదు. మేకలు కాసేవాళ్ళు తప్ప ఎక్కేవాళ్ళు లేరు.

బాగుంది, నిజమైన కోట దొరికింది, తీసుకోండి. అలా తీసుకుంటే సినిమావాళ్ళెందుకవుతారు! ఆ బురుజు కెమెరాలో బురుజులా కనపడటం లేదట, అందుకని దాని పక్కనే వెదురు తడికెలకు గోనెపట్టా చుట్టి, సున్నం మెత్తి ఇంకో బురుజు కట్టారు. మన దగ్గర రాళ్ళకు కొదవా? దేవుడు తీరుబడిగా కూర్చొని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఎటు చూసినా గుండ్లే. ఆ గుండ్ల మధ్యన లారీలో మద్రాసు నుంచి తెచ్చిన అట్టరాళ్ళు పెట్టి రంగు పూశారు. అసలు రాయి రాయిలా లేదట. నేరేడ్‌మెట్ జనం పనులు మానుకొని వచ్చి ఆ అట్టరాళ్ళను వేలితో పొడిచి చూసి పోయేవారు.

సరే, కోటకు ఫౌజు కావాలి, ఫౌజుకు అరవై అంగీలు కావాలి, అవి పది రోజుల్లో కావాలి. ఫౌజు బట్టలు కుట్టే చేయి ఎక్కడుందని బజారులో అడిగితే ఎవరో మా దుకాణం చూపించారు. మా నాయన ఆ మేనేజరును కూర్చోబెట్టి, మా చేత టీ పెట్టించి, తను మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా చాచా ఇంటికి పరుగెత్తాడు. పరదా సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. చాచా వచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు, కానీ గుడ్డ తాను చేత్తో తడిమి చూడగానే ఆయన వెన్ను నిటారుగా అయింది.

ఇక మొదలు. చాచాకు వివరాలు కావాలి, మేనేజరు దగ్గర వివరాలు లేవు. ఏ దేశం ఫౌజు అని చాచా అడిగాడు. అది కల్పిత దేశమండీ అన్నాడతను. “కల్పితమైతే కానీ సాబ్, ఎండ దేశమా, చలి దేశమా? గుర్రం మీద పోతరా, నడుస్తరా? కాలర్ నిలబడాల్నా, పండాల్నా? గింత సుత చెప్పకుంటే ఎట్ల కోసేది?” అని చాచా పరేషాన్ అయిపోయాడు. మేనేజరు చివరకు, ఏదైనా ఒకటేనండీ, రొమ్ము మీద మాత్రం దూరం నుంచి తళతళలాడాలండీ అని లేచిపోయాడు. ఏదైనా ఒకటే అనే మాట చాచా ముందు అనకూడదు. ఆ రోజంతా గొణుగుతూనే ఉన్నాడు. గొణుగుతూ గొణుగుతూ, చేతికి అలవాటైన కత్తెర ఎటు తీసుకుపోతే అటు పోయాడు. అరవై కాలర్లు, అన్నీ నిలబడేవే. ఊరూ పేరూ లేని రాజుకు అచ్చంగా మా పాత సర్కారు ఫౌజు అంగీలే తయారవుతున్నాయని అందరికంటే ముందు కనిపెట్టింది మా నాయన, కనిపెట్టి నవ్వింది కూడా ఆయనే. రెండేళ్ళ తరువాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది కాబట్టి ఎవరూ వద్దనలేదు.

తళతళలాడే గుండీలు కావాలి కదా, బజారంతా తిరిగినా ఒక్క తీరువి అన్ని దొరకలేదు. అప్పుడు మా అమ్మ, ఏదో వరం ఇస్తున్న దేవతలాగా, మినుములు దులుపుకుంటూ ఆ గుండీల మూట తెచ్చి మా నాయన ముందు పెట్టింది. ఇన్నాళ్ళూ మినప్పప్పుతో పాటు ఏం వండి పెట్టావే అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. పారేద్దామంటే పట్టపగలు ఆ మూట పట్టుకొని బజారులో నడవడం ఇంకా ప్రమాదం. చాచా ఒక్కడే నిదానంగా ఒక గుండీ తీసి, బొటనవేలితో రుద్ది, కిటికీ వెలుతురులో పట్టుకొని చూశాడు. తరువాత ఉపాయం ఆయనే చెప్పాడు. మా దగ్గర జరీ గుడ్డ ముక్కలు చాలా ఉన్నాయి. ఒక్కొక్క గుండీకి జరీ ముక్క చుట్టి వెనక ముడివేసి కుట్టేస్తే ముద్ర కనపడదు, మెరుపుకు మెరుపు ఉంటుంది. గుడ్డ గుండీలు చేయడం మా ఇంట్లో కొత్త కాదు, పెళ్ళి షేర్వాణీలకు ఎన్నో చేశాం. చాచా నా వైపు తిరిగి, పరదా అవతలి నుంచే, ఒక్కటి సుత ఇడవకు బిడ్డా అన్నాడు.

అరవై అంగీలు, అంగీకి ఆరు. వేళ్ళు చిల్లులు పడ్డాయి. మా అమ్మ గుండీలు అంగీలకు కుట్టుకుంటూ పోయింది, నేను వెనకే వాటికి జరీ తొడుగుతూ వచ్చాను. చివరి రోజు పొద్దున లారీ సందు మొదట్లో ఆగి హారన్ కొడుతుంటే ఇంకా పది అంగీలు గుండీలకు జరీ తొడగనివి మిగిలే ఉన్నాయి. అసలు సంగతి చెప్పేస్తాను, ఈ వయసులో దాచుకునేదేముంది. ఆ రోజు మమ్మల్నందరినీ షూటింగ్ చూడటానికి లారీలో తీసుకుపోతామన్నారు. పదహారేళ్ళుగా పరదా వెనక కూర్చున్నదాన్ని. ఆ పది పూర్తిచేస్తూ కూర్చుంటే లారీ వెళ్ళిపోతుంది, నేను మిగిలిపోతాను. అందుకని ఆ పదింటినీ మడతపెట్టి కట్ట అడుగున పెట్టాను. చాచా కట్టలు తాడుతో బిగిస్తూ అడిగాడు.

“అన్నీ అయినయా బిడ్డా?”

“అయినయ్ చాచా.”

అంతే. అంత తేలికగా వచ్చింది నోటికి.

గుట్ట దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ అంతా కంగాళీ. ఒకడు పొగ పెడుతున్నాడు, ఒకడు పొగ వద్దంటున్నాడు, వెండి కాగితం అంటించిన పలకలు పట్టుకున్నవాళ్ళు ఎండను ఎటు తిప్పాలో తెలియక మా కళ్ళలోకి కొడుతున్నారు. అయితే నాకు గుర్తుండిపోయింది ఫౌజు. కవాతు తెలిసిన మనుషులు కావాలని డైరెక్టరు పట్టుబట్టాడట. మన దగ్గర కవాతు తెలిసి ఖాళీగా ఉన్నవాళ్ళు ఎవరు? పాత సర్కారు ఫౌజులో పని పోయినవాళ్ళే. ఒకాయన రిక్షా తొక్కుతున్నాడు, ఒకాయన ఎవరి ఇంటి ముందో కాపలా కూర్చుంటున్నాడు, అలాంటివాళ్ళను అరవై మందిని పోగుచేసుకొచ్చారు. వాళ్ళు నవ్వుకుంటూ వచ్చారు, చెక్క కత్తులు చూసి ఇంకా నవ్వారు, అంగీలు తొడుక్కోగానే నవ్వు ఆపేశారు. చివరి కట్టలోని అంగీలు వెనక వరుసవాళ్ళకు వెళ్ళాయి. వాళ్ళలో నెరిసిన మీసాలాయన ఒకరు, మెడ దగ్గరి గుండీ పెట్టుకుంటూ ఆగి, బొటనవేలితో దాన్ని తడిమి, వంగి చూసుకొని, వెళ్ళి తన చోట నిలబడ్డాడు. చాచా వైపు చూశాను. ఆయన ఆ వరుస వైపే చూస్తున్నాడు, మొహంలో ఏమీ తెలియలేదు.

కొమ్ము ఊదారు. అరవై మందీ గుట్ట అంచు మీద వరుసకట్టి నడిచారు. మద్రాసు డైరెక్టరు అట్టరాళ్ళ మీద పెట్టుకున్న ఆశ ఆ మనుషుల మీద పెట్టి ఉంటే సరిపోయేది, అంత బాగా నడిచారు. కానీ కెమెరా వెనక ఉన్నవాళ్ళకు అది సినిమా, కింద పచ్చగడ్డి కోసుకుంటున్న ఆడవాళ్ళకు ఎవరు చెప్పారు? వాళ్ళు తలెత్తి చూశారు. గుట్ట మీద కోట, కోట మీద జెండా, జెండా కింద నిలబడే కాలర్ల ఫౌజు, చేతుల్లో కత్తులు. రెండేళ్ళ కిందటి భయం ఇంకా పచ్చిగానే ఉంది. గడ్డిమోపులు అక్కడే పడేసి పిల్లల్ని చంకనేసుకొని పరుగో పరుగు. చూస్తుండగానే కింది గూడెం ఖాళీ. ఎవరో సైకిలు మీద పోయి ఠాణాలో చెప్పారు, ఫౌజు మళ్ళా వచ్చిందని.

జీపు వచ్చింది. దిగిన అధికారి ఈ మధ్యనే వేరే ప్రాంతం నుంచి బదిలీ అయి వచ్చినవాడు, ఈ ఊరి మంచిచెడ్డలేవీ తెలియవు. ఎవరి ఫౌజయ్యా ఇది అన్నాడు. రాజుగారిదండీ అన్నాడు మేనేజరు. ఏ రాజు? “పేరింకా పెట్టలేదండీ, రచయితగారు ఆలోచిస్తున్నారండీ.” ఇంత తెలివైన జవాబు నేను మళ్ళీ జన్మలో వినలేదు. ఏ దేశమంటే ఎక్కడా లేదన్నాడు, కోట ఎవరిదంటే సగం మాదేనండీ అన్నాడు. చివరకు ఆ అధికారే ఒక చెక్క కత్తి తీసుకొని మోకాలికేసి విరిచి చూసి, గోనెపట్టా బురుజులో వేలు గుచ్చి చూసి, కాస్త నవ్వుకొని వెనక్కి తిరిగాడు. గండం గడిచిందనుకున్నాం. తిరిగినవాడు తిరిగినట్టే వెనక వరుస దగ్గర ఆగిపోయాడు.

గుండీ పట్టుకొని చూశాడు. పక్కవాడిది చూశాడు. పది మందివీ చూశాడు. ఇది నాటకమే కావచ్చు, కానీ సర్కారు ముద్ర గుండీలు ఇన్నాళ్ళు దాచింది ఎవరు, వీటిని కుట్టింది ఎవరు, పైకి రాసి పంపాలి, నాకొక పేరు కావాలి అన్నాడు. అంతా తేలిపోయాక కూడా కాగితానికి ఒక పేరు కావాలట! మేనేజరు చేయి చాపి మమ్మల్ని చూపించాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను రెండడుగులు ముందుకు వేశాననే గుర్తు. నా జాకెట్టుకు సూది గుచ్చే ఉంది, దానికి జరీ దారం వేలాడుతూనే ఉంది. మా నాయన నా మణికట్టు పట్టుకున్న పట్టు ఇప్పటికీ ఇక్కడ ఉన్నట్టే ఉంటుంది. పెళ్ళి కావలసిన పిల్ల పేరు ఠాణా కాగితంలో ఎక్కితే మా కులంలో ఇక సంబంధం రాదు. అది మా నాయనకు తెలుసు, నాకు తెలుసు, చాచాకు కూడా తెలుసు. మా నాయన తన పేరు చెప్పడానికి నోరు తెరిచేలోపే చాచా టోపీ సర్దుకొని ముందుకు నడిచాడు.

“నేనే సాబ్. కోసింది నేనే, దాసింది నేనే. వీళ్ళకేం ఎరుక లేదు.”

ఆ అధికారి ఆయన పేరు అడిగాడు. పేరు విన్నాక ఇంకేమీ అడగలేదు. పేరులోనే అన్ని జవాబులూ దొరికినట్టు జీపు ఎక్కించాడు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. జీపు ఇంకా మలుపు తిరగనే లేదు, మేనేజరు మా నాయన దగ్గరికి వచ్చి, ఎండ పోతోందండీ, ఆ పది అంగీల గుండీల సంగతి కాస్త చూస్తే ఇంకో షాటు తీసుకుంటామండీ అన్నాడు. మా నాయన అతన్ని కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. నా వైపు చూశాడు, అంతే. ఆ చూపుతో తెలిసిపోయింది ఆయనకు అంతా తెలుసని. నేను ఆ బండల మీద కూర్చొని, అంగీ తరువాత అంగీ, అరవై గుండీలకూ జరీ తొడిగాను. కన్నీళ్ళతో దారం కనపడక వేళ్ళలోనే ఎక్కువ గుచ్చుకుంది. పొద్దున లారీని ఒక్క గంట ఆపమని ఉంటే ఆగేదే. ఆ మేనేజరు ఆపేవాడే. అడగలేదు నేను.

చాచా మూడో రోజు వచ్చాడు. దెబ్బలేమీ తగల్లేదని చెప్పాడు. వారం వారం ఠాణాకు వెళ్ళి సంతకం పెట్టి రావాలి, అది శిక్ష. అంత పొడవూ పొట్టీ కళ్ళతో కొలిచే మనిషి, బెంచీ మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చొని తన వంతు కోసం చూడాలి. నిజం చెప్పేస్తానని నేను మొత్తుకున్నాను. నోరు మూసుకోమన్నాడు మా నాయన, జరిగింది చాలదా అన్నది మా అమ్మ. మంచి ఇల్లు, మంచి మర్యాద! అందరూ కలిసి నా నోరు నొక్కి నన్ను కాపాడారు. నన్ను కాపాడమని ఎవరడిగారు? ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు, ఎవరి మీదా తీర్చుకోవడానికీ లేదు.

ఆరు నెలలు అలా తిరిగి చాచా విసిగిపోయాడు. సంతకాలు పూర్తయిన మరుసటి వారం కరాచీ పోతూ వీడ్కోలు చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు. మా నాయన ఎదుట పడలేక మిషను బాగుచేయించే నెపంతో బయటికి పోయాడు. ఆ రోజు మొదటిసారి పరదా తీసుకొని ముందు గదిలోకి వచ్చి, ఆ పదింటికీ జరీ తొడగలేదు చాచా, అబద్ధం చెప్పిన అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

“ఎరుకే బిడ్డా. కట్ట కట్టింది నేనే గదా, కండ్లు లేవా? చూసిన, చూసి ఊకున్న. ఆ అంగీల మీద ఆ గుండీలు ఒక్కసారి చూద్దామనిపించింది నాక్కూడ. గిట్లయితదని ఎవనికెరుక.” నా తల మీద చేయి పెట్టి, “ఇంకో ఉస్తాద్ నాలెక్క ఊకోడు. పని కాకుంట అయినయ్ అని చెప్పకు” అన్నాడు.

చెప్పవలసిన మాటను ఆరు నెలలు కడుపులో పెట్టుకొని, రైలెక్కే ముందు చెప్పి పోతారా ఎవరైనా? ముందే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చుకునేవాళ్ళం, కలిసి నవ్వుకునేవాళ్ళమేమో కూడా. కరాచీ నుంచి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. అక్కడ అందరూ బుష్‌షర్టులే అడుగుతున్నారని రాశాడు. తరువాత ఉత్తరాలు రాలేదు.

సినిమా మరుసటి ఏడాది వచ్చింది. సికింద్రాబాదులోనే, మొదటి వారంలోనే చూశాం. దర్వాజా మా గుట్టది, దర్వాజా దాటితే వచ్చే సభ మద్రాసులో వేసిన సెట్టు, రాకుమారి తొంగిచూసేది గోనెపట్టా బురుజులోంచి. జనం ఆ గోనెపట్టాకే ఈలలు వేశారు. ఫౌజు నడిచింది ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు. అది జీపు రాకముందు తీసిన ముక్కే, నడక చూస్తేనే తెలిసింది నాకు. వెనక వరుసలో ముద్ర గుండీలున్నాయని ఆ హాల్లో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మ నా చేయి పట్టుకుంది. మా నాయన సినిమా మొత్తానికి ఒక్క మాటే అన్నాడు, కాలరు మంచిగ నిలబడ్డదని.

మొన్న ‘సూపర్’ అన్నందుకు నేను అలిగానని తెలుసుకొని, మా మనవరాలు ఎలా వెతికిందో వెతికి, ఆ సినిమా ఫోనులో పట్టుకొచ్చింది. ఆ ఆరు అంకెల ముక్క దగ్గర ఆపమన్నాను. రెండు వేళ్ళతో వెనక వరుసను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేయమన్నాను. మనుషులు పోయి బూడిదరంగు గళ్ళు మిగిలాయి. ఇది ఏ దేశం అమ్మమ్మా అని అడిగింది. నేరేడ్‌మెట్ అంటే ఈసారి సూపర్ అనలేదు, మరి పోయి చూసొద్దామా అంది. ఏముందని చూడటానికి? ఆ గుట్టను కంకర కోసం కొట్టేశారు, ఆ చోట మూడంతస్తుల ఇళ్ళొచ్చాయి. అసలు బురుజు కంకరైపోయింది, అట్ట బురుజు మాత్రం ఈ పిల్ల ఫోనులో చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆ రోజుల్లో మావాళ్ళు ఉత్తుత్తి ఫౌజును చూసి నిజమనుకొని పిల్లల్ని ఎత్తుకొని పరుగెత్తారు. ఇప్పుడు వీళ్ళు నిజమైన కోటకు విమానమెక్కి పోయి ఉత్తుత్తి రాకుమారుడి కోసం కళ్ళు తుడుచుకుంటారు. వెళ్ళనీండి, నాకేం బాధ లేదు. ఎక్కడ ఎవరు నిలబడి ఏ మాట చెప్పారో రాసిపెట్టే పలక మా గుట్టకూ ఒకటి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

నిన్న పొద్దున ఆఫీసుకు పోతూ పోతూ, చొక్కా గుండీ ఊడిందని నా ఒళ్ళో పడేసింది. ఈ ఇంట్లో సూదిదారం నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. నేను కుడుతుంటే, చూపు ఫోనులోంచి తీయకుండానే, అయిందా అమ్మమ్మా అని అడిగింది. నేను దారం లాగి చూశాను, ముడి తడిమి చూశాను, మళ్ళీ ఒకసారి లాగి చూసి, అప్పుడు అయిందని చెప్పాను. డెబ్బై ఏళ్ళుగా ఇలాగే చూసి చెబుతున్నాను. వినవలసిన చాచా విననే లేదు.